ఒకే లోకోలో రెండు డీకోడర్లు: మోటారుకు ఒకటి, శబ్దానికి ఒకటి పెట్టి ప్రోగ్రామ్ చేయడం ఎలా?

డీసీసీ అంటే నమూనా రైళ్లను పట్టాల గుండా పంపే డిజిటల్ ఆజ్ఞలతో నడిపే పద్ధతి; లోకోలో కూర్చుని ఆ ఆజ్ఞలు పాటించే చిన్న సర్క్యూటే డీకోడర్. మోటారు డీకోడర్ ఉన్న పాత డీసీసీ లోకోకు శబ్దం చేర్చాలని ఉందంటే చాలు, ఉన్నది తీసేసి రెండు పనులూ చేసే కొత్త డీకోడర్ కొనమని సలహా ఇచ్చేవాళ్లే ఎక్కువ. విదేశాల నుంచి తెప్పించుకునే మనకు కొరియరు ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిపి చూసుకుంటే ఆ సలహా మింగుడుపడదు. పైగా చక్కగా నడుస్తున్న మోటారు డీకోడర్ చేసిన పాపం ఏమీ లేదు. దాన్ని అలాగే ఉంచి పక్కన శబ్దం కోసం మరొకటి పెట్టుకోవచ్చు. మోటారు వైపు సర్క్యూట్ కాలిపోయి శబ్దం మాత్రం బాగున్న డీకోడర్ ఏదైనా మీ డ్రాయరులో మూలుగుతుంటే, దానికీ ఇదే మంచి ఉద్యోగం.

చిక్కంతా ప్రోగ్రామింగ్‌తోనే, అంటే డీకోడర్ తన అమరికలు దాచుకునే అంకెల గదుల్లో (వీటినే సీవీలంటారు) విలువలు రాయడంతోనే. రెండు డీకోడర్లూ ఒకే చక్రాల నుంచి కరెంటు తీసుకుంటాయి, ఒకే ఆజ్ఞలు వింటాయి. ఈ రాసే పనికి విడిగా ఉంచుకునే పట్టా ముక్క, అంటే ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద, అడ్రసును (లోకోను పిలిచే సంఖ్యను) ఎవరూ పట్టించుకోరు. పట్టాల మీద ఎన్ని డీకోడర్లు ఉంటే అన్నీ మీరు పంపిన విలువను రాసుకుంటాయి. మోటారు కోసం సీవీ 3 మారిస్తే శబ్దం డీకోడర్‌లోనూ సీవీ 3 మారిపోతుంది. ఒకదాన్ని ఫ్యాక్టరీ అమరికకు తీసుకెళ్దామని సీవీ 8లో 8 రాస్తే, ఆ పద్ధతి పాటించే డీకోడర్లయితే రెండూ మొదటికి వస్తాయి. వారం రోజులు కూర్చుని సరిచేసుకున్న అమరిక ఒక్క మీటతో పోతుంది.

దీనికి మందు అమెరికా నమూనా రైలు సంఘం ఎన్ఎంఆర్ఏ ప్రమాణాల్లోనే ఉంది. సీవీ 16 తాళం, సీవీ 15 తాళంచెవి. రెండిటిలోనూ ఒకే అంకె ఉంటే డీకోడర్ తెరిచి ఉన్నట్టు. వేరువేరు అంకెలుంటే మూసి ఉన్నట్టు; అప్పుడు సీవీ 15ను తప్ప దేన్నీ మార్చనివ్వదు. కొత్త డీకోడర్లో రెండూ సున్నాలే కాబట్టి ఇలాంటిదొకటి ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. మీ డీకోడర్లకు ఈ సదుపాయం ఉందో లేదో వాటి కరపత్రంలో సీవీల పట్టిక చూసి తేల్చుకోండి. అన్ని తయారీలకూ ఉండదు. ఉన్నట్టయితే ఒక్క నియమం గుర్తుంచుకోండి: రెండు డీకోడర్లనూ లోకోలో కలిపి సోల్డర్ చేయకముందే, విడివిడిగా, ఒక్కోదానికి తాళం వేయాలి. కలిపాక వేద్దామంటే కుదరదు. రాసే సీవీ 16 కూడా రెండిటికీ పోతుంది కదా.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి

బెంగళూరులో ఉన్నవాళ్లకు ఎస్పీ రోడ్డు ఉండగా ఇబ్బంది లేదు. సన్న మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్, సన్న సోల్డర్ తీగ, మల్టీమీటర్, హీట్‌ష్రింక్ గొట్టం, కాప్టాన్ టేపు కావాలి. మొబైల్ మరమ్మతు సామాను అమ్మే దుకాణాల్లో ఫోన్లలో వాడే చిన్న చతురస్రపు స్పీకర్లు దొరుకుతాయి. హెచ్ఓ (1:87 కొలత) లోకోల్లో ఇవి బాగా ఇముడుతాయి. కొనేముందు మల్టీమీటర్‌తో ఓమ్‌లు కొలవండి. డీకోడర్ 8 ఓమ్‌ల స్పీకరు అడిగితే 4 ఓమ్‌లది తగిలించవద్దు, దాని యాంప్లిఫయర్ ఎక్కువ కరెంటు లాగి కాలిపోతుంది. స్పీకరు వెనక గాలి చొరబడని చిన్న డబ్బా లేకపోతే శబ్దం రేకు మీద గీకినట్టు పలచగా వస్తుంది. ప్లాస్టిక్ షీటు ముక్కలు అంటించి డబ్బా చేసుకోండి. ఖర్చు పెట్టాల్సింది ఓపిక ఒక్కటే.

వీటితో పాటు 100 ఓమ్‌ల, 2 వాట్ల రెసిస్టరు ఒకటి తెచ్చుకోండి. దాని పని వెంటనే చెబుతాను.

కమాండ్ స్టేషన్ (పట్టాలకు ఆజ్ఞలు పంపే పెట్టె) లేనివాళ్లు అదే వీధిలో ఆర్డ్యునో మెగా, మోటారు షీల్డు కొని డీసీసీ-ఈఎక్స్ పెట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఉచితం, రైళ్లు నడిచే మెయిన్ లైనుకూ ప్రోగ్రామింగ్ ట్రాక్‌కూ విడివిడిగా సరఫరా వస్తుంది. కంప్యూటర్ మీద నుంచి సీవీలు రాసే జేఎంఆర్ఐ వారి డీకోడర్‌ప్రో కూడా ఉచితమే. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ఆఫీసుల్లో పగలంతా కోడ్ రాసే మన తెలుగువాళ్లకు ఈ భాగం విశ్రాంతి లాంటిదే.

విడివిడిగా తాళం వేయడం

మోటారు డీకోడర్ లోకోలోనే ఉండనివ్వండి. శబ్దం డీకోడర్‌ను ఇంకా కలపవద్దు. లోకోను ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద పెట్టి మొదట సీవీ 8 చదవండి. అది తయారీదారు సంఖ్య: టీసీఎస్ అయితే 153, ఈఎస్‌యూ అయితే 151, సౌండ్‌ట్రాక్స్ అయితే 141, డిజిట్రాక్స్ అయితే 129. ఈ అంకెను కాగితం మీద రాసుకోండి, తరువాత ఉపయోగపడుతుంది.

ఇప్పుడు సీవీ 16లో 1 రాయండి. రాసిన మరుక్షణమే డీకోడర్ మూసుకుపోతుంది, సీవీ 15 ఇంకా సున్నాలోనే ఉంది కాబట్టి. కమాండ్ స్టేషన్ తప్పు చూపించినా కంగారు పడనక్కరలేదు. సీవీ 15లో 1 రాయండి, తెరుచుకుంటుంది. ఈ వరుస తప్పకూడదు. ముందు సీవీ 15లో 1 రాస్తే, తాళం ఇంకా సున్నాలో ఉండగానే డీకోడర్ మూసుకుని సీవీ 16ను ముట్టుకోనివ్వదు. అలా జరిగితే సీవీ 15లో మళ్లీ 0 రాసి మొదటి నుంచి రండి. మోటారుకు 1, శబ్దానికి 2, లైట్ల వంటి మిగతా డీకోడర్లకు 3, ఆ పైన అన్నది ప్రమాణంలోనే ఉన్న వరుస. సొంత అంకెలు పెట్టుకోవచ్చు గానీ, రెండేళ్ల తరువాత మూత విప్పే మనిషికి, అది మీరే కావచ్చు, వరుస పాటించి ఉంటే వెతుకులాట తప్పుతుంది.

లోకోను పక్కన పెట్టి శబ్దం డీకోడర్‌ను బల్ల మీద తీసుకోండి. దాని ఎరుపు, నలుపు తీగలను ప్రోగ్రామింగ్ ట్రాక్‌కు కలపండి, స్పీకరు తగిలించండి. సీవీ 8 చదవబోతే చాలాసార్లు జవాబు రాదు. డీకోడర్ చెడిపోయిందని అనుకోకండి. డీకోడర్ జవాబు చెప్పే తీరే వేరు: సుమారు 6 మిల్లీసెకన్ల పాటు కనీసం 60 మిల్లీఆంపియర్ల కరెంటు అదనంగా లాగుతుంది, కమాండ్ స్టేషన్ ఆ పెరుగుదలను చూసి సరే అనుకుంటుంది. మామూలుగా ఆ కరెంటు మోటారు గుండా పోతుంది. చదివేటప్పుడు లోకో చిన్నగా ఉలిక్కిపడేది అందుకే. శబ్దం డీకోడర్‌కు మోటారు లేదు, ఇక జవాబు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే ఆ 100 ఓమ్‌ల రెసిస్టరు. దాన్ని మోటారుకు ఉద్దేశించిన నారింజ, బూడిద రంగు తీగల మధ్య పెట్టండి. 12 వోల్టుల దగ్గర 120 మిల్లీఆంపియర్లు పోతాయి కాబట్టి జవాబు స్పష్టంగా అందుతుంది. పని కాగానే తీసేయండి. లోకోలో వదిలేస్తే వేగం పెంచినప్పుడల్లా అది వేడెక్కి ప్లాస్టిక్ మూతను వంచుతుంది.

అయినా జవాబు రాకపోతే ప్రోగ్రామింగ్ ట్రాక్‌లో సత్తువ చాలడం లేదని అర్థం. అక్కడ ఉద్దేశపూర్వకంగానే కరెంటు పరిమితంగా ఇస్తారు, శబ్దం డీకోడర్లలోని కెపాసిటర్లు మొదటి క్షణంలోనే దాన్ని మింగేస్తాయి. ప్రోగ్రామింగ్ ట్రాక్ బూస్టర్ పెట్టుకోవడం ఒక దారి. డీసీసీ-ఈఎక్స్‌లో అయితే జవాబుగా గుర్తించే కరెంటు పరిమితిని కిందికి దించవచ్చు. ఈ రెండూ లేనివాళ్లు చదవడం మానేసి గుడ్డిగా రాయవచ్చు. రాయడానికి జవాబు అవసరం లేదు.

శబ్దం డీకోడర్‌లో సీవీ 16లో 2, ఆ తరువాత సీవీ 15లో 2. తాళాలు పడ్డాయి.

తీగలు కలపడం

కుడి పట్టా ఎరుపు, ఎడమ పట్టా నలుపు. రెండు డీకోడర్ల ఎరుపు తీగలు ఒకచోట, నలుపు తీగలు ఒకచోట కలుస్తాయి. కలిసేవి ఇవే, మరేవీ కలవకూడదు. నారింజ, బూడిద తీగలు మోటారు డీకోడర్ నుంచి మాత్రమే మోటారుకు వెళ్లాలి. శబ్దం డీకోడర్ నారింజ, బూడిద తీగల కొసలు కత్తిరించి, ఒక్కోదానికి విడిగా హీట్‌ష్రింక్ తొడగండి. ఈ కొసలు ఒకదానికొకటి తగిలినా, మోటారుకు తగిలినా డీకోడర్ పోయినట్టే. నీలి తీగలను కూడా కలపవద్దు. లైట్లన్నీ మోటారు డీకోడర్ నీలి తీగ మీదే ఉంచేయండి.

ఎరుపు తీగలు కలిసే చోట సోల్డర్ చేసేయకుండా చిన్న రెండు పిన్నుల కనెక్టరు పెట్టమంటాను. తాళం సదుపాయం లేని డీకోడర్లయితే ఇది తప్పనిసరి: మూత తీసి శబ్దం డీకోడర్ కనెక్టరు ఊడదీస్తే మోటారును ఒంటరిగా ప్రోగ్రామ్ చేయవచ్చు. తాళం ఉన్నా ఒక రోజు మీకే అక్కరకొస్తుంది.

మూత బిగించేముందు పట్టాల మధ్య, మోటారు రెండు కొసలకూ పట్టాలకూ మధ్య మల్టీమీటర్‌తో షార్టు లేదని చూసుకోండి. డీకోడర్లను టేపుతో పూర్తిగా చుట్టేయకండి, వేడి బయటికి పోయే దారి ఉండాలి.

అడ్రసు, సీవీ 29

రోజూ నడిపేటప్పుడు రెండూ ఒకే అడ్రసు మీద ఉండాలి. మన డీజిల్ లోకోల సంఖ్యలు ఐదంకెలవి, డీసీసీలో నాలుగంకెలే పడతాయి కాబట్టి చివరి నాలుగు తీసుకోండి. మీ నమూనా మీద 16340 అని ఉంటే అడ్రసు 6340. కమాండ్ స్టేషన్ లెక్క తనే చేస్తుంది. చేత్తో చేయాల్సి వస్తే 6340ని 256తో భాగించండి, 24 భాగఫలం, 196 శేషం. 24కు 192 కలిపి 216ను సీవీ 17లో, 196ను సీవీ 18లో రాయాలి.

సీవీ 15లో 1 పెట్టి మోటారుకు, 2 పెట్టి శబ్దానికి, ఇదే అడ్రసు రెండుసార్లు రాయండి. సీవీ 15కు పంపిన అంకె రెండు డీకోడర్లకూ చేరుతుంది. అందుకే ఒక్క ఆజ్ఞతో ఒకటి తెరుచుకుంటుంది, రెండోది మూసుకుంటుంది. ఏది తెరిచి ఉందో అనుమానం వస్తే సీవీ 8 చదవండి. ఇందాక రాసుకున్న మోటారు తయారీ సంఖ్య కనిపిస్తే మోటారు తెరిచి ఉన్నట్టు. ఏమీ రాకపోతే శబ్దం వంతు కావచ్చు, దానికి జవాబు చెప్పే మోటారు లేదు కదా.

సీవీ 29 రెండిటిలోనూ 34 పెట్టండి: 28 లేదా 128 వేగ మెట్లకు 2, పొడవు అడ్రసుకు 32. మామూలు డీసీ మీద నడిచే అవకాశాన్ని ఇచ్చే 4ను కావాలనే వదిలేశాను. అది ఉంటే సిగ్నల్‌లో లోపం వచ్చినప్పుడు లోకో ఒక్కసారిగా దూసుకుపోయే ప్రమాదం ఉంది. రైల్‌కామ్‌కు (డీకోడర్ పట్టాల గుండా తిరిగి సమాచారం పంపే ఏర్పాటుకు) సంబంధించిన 8 కూడా శబ్దం డీకోడర్‌లో వద్దు. ఒకే అడ్రసు మీద రెండు డీకోడర్లు ఒకేసారి జవాబు పంపితే ఎవరి మాటా అర్థం కాదు. లోకో ఎదురుదిశలో కదిలితే తీగలు విప్పకండి, మోటారు డీకోడర్‌లో మాత్రమే సీవీ 29ని 35 చేయండి.

మీటల పంపకం

వేగం తిప్పే చేతి పరికరం (థ్రాటిల్) మీద మీటలకు ఎఫ్0, ఎఫ్1 అని వరుసగా పేర్లుంటాయి. ఎఫ్0 లైటు మోటారు డీకోడర్‌దే. ఎఫ్1 చాలా శబ్దం డీకోడర్లలో గంట, ఎఫ్2 హారన్, ఎఫ్8 శబ్దం ఆపేది. మోటారు డీకోడర్ ఇవే మీటలకు వేరే పని చేస్తుంటే గందరగోళమే: హారన్ కొట్టబోతే లైటు ఆరిపోతుంది. మోటారు వైపు తెరిచి సీవీ 35 నుంచి 46 వరకు అక్కరలేనివాటిలో 0 రాయండి. ఎఫ్1కి 35, ఎఫ్2కి 36, అలా ఎఫ్12 వరకు వరుసగా వస్తాయి. కొన్ని డీకోడర్లు ఈ పాత పద్ధతిని వదిలి సొంత పట్టిక వాడతాయి, వాటికి డీకోడర్‌ప్రోనే శరణ్యం.

మన డీజిల్ లోకోలకు గంట ఉండదు. డబ్ల్యూడీఎం-2 నడుపుతూ గంట మోగిస్తే కృష్ణరాజపురం షెడ్డు పక్కన పెరిగిన వాళ్లు ముఖం తిప్పుకుంటారు. దాని శబ్దాన్ని సున్నాకు దించేయండి. హారన్ కూడా అంతే. అమెరికా హారన్లు మూడు, ఐదు స్వరాల గుత్తులు. మన చెవికి దగ్గరైన రెండు స్వరాలది ఏదైనా జాబితాలో ఉందేమో వినండి. ఇంజిన్ శబ్దం విషయంలో మాత్రం మనం అదృష్టవంతులం. డబ్ల్యూడీఎం-2 అమెరికాకు చెందిన ఆల్కో రూపకల్పన, అందులోది 16 సిలిండర్ల ఆల్కో 251 ఇంజిను. ఆల్కో 251 అని పేరున్న శబ్దం ఫైలు ఏ కంపెనీది ఎంచుకున్నా చెవికి పరాయిగా అనిపించదు.

వేగం, శబ్దం మధ్య సర్దుబాటు

శ్రద్ధ అంతా ఇక్కడే పెట్టాలి. సీవీ 3 లోకో వేగం పుంజుకునే నెమ్మదిని, సీవీ 4 ఆగే నెమ్మదిని నిర్ణయిస్తాయి. ప్రమాణం ప్రకారం సీవీ 3లో ఉన్న అంకెను 0.896తో గుణిస్తే, నిలిచిన చోటు నుంచి పూర్తి వేగం అందుకోవడానికి పట్టే సెకన్లు వస్తాయి. 20 పెడితే దాదాపు 18 సెకన్లు. తయారీదార్లు ఈ లెక్కను సొంతంగా మార్చుకున్న సందర్భాలున్నాయి కాబట్టి, ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి ఒకసారి కొలవండి.

రెండు డీకోడర్లలోనూ ఒకే అంకె పెట్టమని సాధారణంగా చెబుతారు. అలా చేస్తే ఇంజిన్ రొద, చక్రాలు కలిసి మెలిసి పెరుగుతాయి. వినడానికి బాగుంటుంది గానీ, అది కారు నడిచే తీరు. అసలు డీజిల్ లోకోలో లోకో పైలట్ నాచ్ (ఇంజిన్ శక్తి మెట్టు) పెంచగానే ముందు ఇంజిన్ గర్జిస్తుంది, టర్బో అందుకునేదాకా నల్లటి పొగ ఊదుతుంది, కప్లింగులు ఒక్కొక్కటే బిగుసుకుని ఆ తరువాత గాని బండి కదలదు. మోటారు డీకోడర్‌లో సీవీ 3ని 20 పెట్టి, శబ్దంలో 5 పెట్టి చూడండి. థ్రాటిల్ సగం తిప్పితే రెండు మూడు సెకన్లలో ఇంజిన్ నాలుగో నాచ్‌కు ఎక్కుతుంది, లోకో మాత్రం బరువుగా, తీరిగ్గా ఆ వేగానికి వస్తుంది. వెనక ఇరవై పెట్టెలున్నట్టే ఉంటుంది, ఉన్నవి నాలుగే అయినా.

ఆపేటప్పుడు తేడా ఇంకా పెద్దది. స్టేషన్‌కు చాలా ముందే నాచ్ పూర్తిగా దింపేస్తారు, ఇంజిన్ ఐడిల్‌కు పడిపోతుంది, బండి ఊపులో వచ్చి ప్లాట్‌ఫారం అందుకుంటుంది. దానికోసం మోటారులో సీవీ 4ను 25, శబ్దంలో 1 పెట్టండి. థ్రాటిల్ సున్నాకు తిప్పగానే రొద తగ్గి ఖాళీ గుటగుట వినిపిస్తుంది, బండి మాత్రం జారుకుంటూ పోతుంది. రెండు పనులూ ఒకే డీకోడర్ చేసేటప్పుడు ఈ పని కోసం ప్రత్యేక మీటలు, ప్రత్యేక సీవీలు వెతకాలి. ఇక్కడ రెండు అంకెలతో తేలిపోయింది. ఒక్క జాగ్రత్త: చిన్న బల్ల మీద లేఅవుటు ఉన్నవాళ్లు 25తో మొదలుపెడితే లోకో బఫర్లు దాటి నేల మీద పడుతుంది. 10తో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. బ్రేకుల కీచు శబ్దం తనంతట తాను వచ్చేలా ఉంటే దాన్ని ఆపి మీటకు ఇవ్వండి. లేకపోతే బండి ఇంకా పరుగెడుతుండగానే కీచుమంటుంది.

ఇంజిన్ స్టార్టయ్యే శబ్దం దగ్గర చిన్న లోటు ఉంది. స్టార్టర్ తిరుగుతూ ఉండగానే మోటారు డీకోడర్ బండిని కదిలించేస్తుంది, దానికి పక్కవాడి సంగతి తెలియదు కదా. ముందు మీట నొక్కి ఇంజిన్ స్టార్టు చేసి, అది ఐడిల్‌కు వచ్చాకే థ్రాటిల్ తిప్పడం అలవాటు చేసుకోండి.

ఈ సర్దుబాట్లన్నీ ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద కాకుండా మెయిన్ లైను మీద, బండి నడుస్తుండగా చేయండి. 6340కి సీవీ 15లో 2 పంపి శబ్దాన్ని తెరిచి, ఒక చుట్టు తిప్పి, విని, మార్చి, మళ్లీ తిప్పాలి. మొత్తం శబ్దం స్థాయి ఈఎస్‌యూలో సీవీ 63, సౌండ్‌ట్రాక్స్ సునామీలో సీవీ 128. అపార్టుమెంటులో రాత్రి పదకొండుకు పని చేసేవాళ్లు మొదట దించాల్సింది అదే. ఆల్కో గుటగుట గోడల్లోంచి పై అంతస్తుకు బాగా పాకుతుంది.

తేడా వస్తే

శబ్దం వస్తుంది, లోకో కదలదు: మోటారు డీకోడర్ అడ్రసు మారిపోయి ఉంటుంది, లేదా దాని సీవీ 19లో పాత కన్సిస్ట్ అడ్రసు (లోకోలను జతకట్టి నడిపినప్పటిది) మిగిలి ఉంటుంది. మోటారును తెరిచి సీవీ 19లో 0 రాయండి. లోకో కదులుతుంది, శబ్దం రాదు: అదే పని శబ్దం వైపు చేయండి, ఎఫ్8 నొక్కి లేదని ముందు చూసుకుని.

ఏం రాసినా ఏదీ మారకపోతే సీవీ 15లో మూడో అంకె ఏదో కూర్చుని రెండూ మూసుకున్నాయి. 0, 1, 2, 3 వరుసగా ప్రయత్నించండి.

డీకోడర్‌ప్రోలో ఈ లోకోకు రెండు పద్దులు పెట్టండి, '6340 మోటారు' అని ఒకటి, '6340 శబ్దం' అని మరొకటి. అన్నీ ఒకేసారి రాసే మీట నొక్కేముందు సీవీ 15 సరిచూసుకోండి. శబ్దం పద్దును తెరిచి ఉన్న మోటారులోకి పోస్తే మిగిలేది పని కాదు, పంచాయితీ. రీసెట్ చేయాల్సి వచ్చినా అంతే: ముందు తెరవాల్సిన దాన్ని మాత్రమే తెరవండి. రీసెట్‌తో చాలా డీకోడర్లలో సీవీ 16 కూడా సున్నా అవుతుంది. అప్పుడు సీవీ 15లో 0 పంపితే ఆ ఒక్కటే తెరుచుకుంటుంది, రెండోది తన తాళంతో మూసే ఉంటుంది. మూత విప్పే పని లేకుండా అక్కడికక్కడే సీవీ 16, ఆ వెంటనే సీవీ 15 మళ్లీ రాసి, అడ్రసు పెట్టుకోవచ్చు.